తాడా, టెంకాయా, ఈతా: ఏ మాను గొప్పది?

మాన్లలో ఏది గొప్పది అని మదనపల్లె తట్టు అడిగితే చింతమాను అనేవాళ్ళు ఉండారు, మర్రిమాను అనేవాళ్ళు ఉండారు. ఆ పంచాయితీ తొందరగానే తెగిపోతాది. కొమ్మా రెమ్మా లేకుండా నిలువునా పైకి పోయి, నెత్తిన మాత్రం ఆకులు పెట్టుకునే మాన్లలో ఏది గొప్పదని అడిగి చూడండి, పొద్దుగూకినా తెగదు. టెంకాయ తోట ఉండే రైతు టెంకాయను మించింది లేదంటాడు. ఎండాకాలంలో ముంజలు తిని పెరిగినోడు తాడిమాను పేరు చెప్తాడు. కుప్పం తట్టు అరవం మాట్లాడేవాళ్ళు కూడా పక్కనుంటే పనైమరం ముందర ఇంకేదీ నిలబడదని ఆయనకు వంత పాడతారు. ఈతమాను పేరు ఎత్తేవాళ్ళు మాత్రం తక్కువ. ఎవరన్నా ఎత్తినా, 'అదీ ఒక మానేనా, ముల్లు తప్ప ఏముండాది' అని నవ్వేవాళ్ళే జాస్తి.

నేను చెప్పబొయ్యేది అందరూ నవ్వే ఆ మాను గురించే. నేరుగా తీర్పు చెప్తే ఎవరూ ఒప్పుకోరు కాబట్టి, గొప్పతనం అంటే ఏంది, దాన్ని దేనితో కొలుస్తారు అనేది ముందర తేల్చుకుందాం.

లోకమంతా ఇదే పంచాయితీ

తాడి, టెంకాయ, ఈత, వక్క, అడవుల్లో పెరిగే జీలుగు, ఎడారి దేశాల ఖర్జూరం, గోదావరి తట్టు వేసే పామాయిల్ చెట్టు, ఇవన్నీ ఒకే కుటుంబం. లోకం మొత్తం మీద ఈ కుటుంబంలో 2,500కు పైగా జాతులు ఉండాయి. చూసేదానికి రొంత అదే మాదిరి ఉన్నా అరటి ఈ కుటుంబం కాదు, మొగలీ కాదు. 18వ శతాబ్దంలో మొక్కలకు శాస్త్రం పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన స్వీడన్ దేశపు లిన్నేయస్, వీటిని మొక్కల లోకంలో రాజకుమారులు అన్నాడు. ఈ మాన్ల మీద పిచ్చి ఉండేవాళ్ళు 1956లో అమెరికా ఫ్లోరిడాలో ఒక సంఘమే పెట్టుకున్నారు. దాన్నే ఇప్పుడు ఇంటర్నేషనల్ పామ్ సొసైటీ అంటారు. అట్లాంటోళ్ళు నలుగురు ఒక చోట కూచుంటే ఏది గొప్పదనే మాట రాకుండా ఉంటాదా?

ఒక్కొక్కరి కొలత ప్రకారం చూద్దాం.

ఎత్తు లెక్కన చూస్తే కొలంబియా దేశం కొండల్లో పెరిగే మైనం తాడి గెలుస్తాది. అది 60 మీటర్ల దాకా పోతాది, అంటే ఇరవై అంతస్తుల మేడంత. దాని కాండం మీద మైనం పేరుకుంటాది, అందుకే ఆ పేరు. 1985లో ఆ దేశం దాన్ని జాతీయ వృక్షం చేసుకుంది. గింజ లెక్కన చూస్తే సీషెల్స్ దీవుల్లోని జంట టెంకాయదే గెలుపు. రెండు టెంకాయలు అతికించినట్ల ఉండే ఆ గింజ ఒక్కటే 15 కిలోలు దాటి తూగుతాది. లోకంలో ఇంకే మొక్కకూ అంత గింజ లేదు. మన దేశంలో దాన్ని 1894లోనే కోల్‌కతా పక్కన హౌరా బొటానికల్ గార్డెన్లో నాటినారు. ఆకు లెక్కన ఆఫ్రికా అడవుల్లోని రాఫియా జాతి ముందర ఉండాది. దాని ఒక్క ఆకు 20 మీటర్లు దాటుతాది.

పూత లెక్కన చూస్తే శ్రీతాళం. ఇది కేరళ, శ్రీలంక తట్టు పెరిగేది. ముప్పై ఏండ్లో, అరవై ఏండ్లో, ఒక్కోసారి ఎనభై ఏండ్లో పూత లేకుండా ఆకులతోనే నిలబడతాది. ఒకే ఒక్కసారి నెత్తిన గోపురం మాదిరి పూస్తాది. ఆ ఒక్క గెలలో పూలు లక్షలు దాటి కోట్ల దాకా ఉంటాయి. కాయలు పండి రాలినాక మాను చచ్చిపోతాది. బతుకంతా కూడబెట్టింది ఒక్క కాన్పులో ఇచ్చేసి పోతాది. నూనె లెక్కన అడిగితే మాత్రం పామాయిల్ చెట్టు. ఎకరా నేలలో అంత నూనె ఇచ్చే పంట ఇంకోటి లేదు.

అయిదు కొలతలు, అయిదు గెలుపులు. కొలత మారితే గెలిచేది మారుతా ఉండాది. కాబట్టి 'ఏది గొప్పది' అని అడిగేవాళ్ళను, 'ఎవరికి, యాడ, దేనికి' అని తిరగ్గా అడగాల.

ఈ మాట పుంగనూరోళ్ళకు చెప్పే పని లేదు. వాళ్ళ ఆవు ఎత్తు మూడడుగులు దాటదు. ఎత్తు చూసి, పాల లెక్క చూసి పెద్ద ఆవుల ముందర ఇదేం ఆవు అని ఒకప్పుడు వదిలేసినారు. గింజలు పోసి పెంచేదానికి లేనోడి ఇంట్లో రొంత కసువు తిని, కరువులో కూడా చిక్కటి పాలిచ్చేది అది. మంద కరిగిపోయినాక దాని విలువ తెలిసింది. పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో పెట్టి కాపాడాల్సి వచ్చింది. ఇప్పుడు అదే ఆవును లక్షలు పెట్టి కొంటా ఉండారు. ఆవు మారలేదు, చూసే కొలత మారింది.

ఒక్క తలకాయ మీద బతికే మాను

మన మూడు మాన్ల పంచాయితీకి వచ్చే ముందర, ఈ కుటుంబం ఎట్ల బతుకుతాదో తెలుసుకోవాల. అది తెలిస్తేనే నరకడం ఎంత సులువో, తిరిగి తెచ్చుకోవడం ఎంత కష్టమో తెలుస్తాది.

వేపమానును నరికితే మోడు పక్క నుంచి చిగురు వస్తాది. చింతమాను ఏటేటా లావవుతాది, లోపల వలయాలు కడతాది, గాటు పడితే చుట్టూ కొత్త బెరడు కట్టి మాన్పుకుంటాది. తాడి, టెంకాయ, ఈతలకు ఇది చేతకాదు. ఇవి గడ్డికీ, జొన్నకూ చుట్టాలు. కాండం ఎంత లావు కావాలో చిన్నప్పుడే అయిపోతాది, ఆపైన ఎత్తుకే పోతాది. చుట్టూ కొత్త పొర వేసుకునే ఏర్పాటు దాంట్లో లేదు కాబట్టి కాండానికి తగిలిన గాయం మానదు, బతికినన్నాళ్ళూ గుర్తు ఉండిపోతాది. పెరిగే చోటు కూడా ఒకటే, ఆకుల నడుమ నెత్తిన ఉండే మొవ్వు. అది తీస్తే మాను పోయినట్లే.

పల్లెల్లో పిలకాయలు ఈతగడ్డ తియ్యగా ఉంటాదని తినేది ఈ మొవ్వునే. పలమనేరు, కుప్పం తట్టు కౌండిన్య అడవి ఏనుగులు తోటల్లో పడితే టెంకాయ మొక్కలను పెరికి ముందర తినేదీ ఇదే. ఏనుగును తీర్పు చెప్పమంటే ఈ కుటుంబమంతా గొప్పదే అంటాది. దాని కొలత నాలుకది.

టెంకాయ పక్షం

కోస్తా తట్టు కొబ్బరికాయ అనేదాన్ని మనం టెంకాయ అంటాం. కన్నడం వాళ్ళు తెంగినకాయి అంటారు, అరవం వాళ్ళు తేంగాయ్ అంటారు. మూడు భాషలు కలిసే కుప్పంలో ఈ మాటకు తర్జుమా అక్కర్లేదు.

టెంకాయ పక్షానికి బలం శానా ఉండాది. సుమారుగా నెలకొక ఆకు, ఆకుకొక గెల. పూత నుంచి ముదురుకాయ అయ్యేదానికి ఏడాది పడుతాది గానీ, గెల వెనక గెల వస్తానే ఉంటాది కాబట్టి ఏడాది పొడుగునా కోత ఉంటాది. ఎళనీరు, కాయ, నూనె, నార, ఈనెల పొరక, మట్టల తడిక, ఏదీ పారేసేది లేదు. గుడికి కావాల, పెండ్లికి కావాల, చావుకు కావాల. సముద్రంలో నెలల తరబడి తేలి, ఇంకో దీవి ఒడ్డున మొలిచే శక్తి ఆ కాయకు ఉండాది. దీన్ని కల్పవృక్షం అంటే ఎవరు కాదంటారు?

అయితే ఆ కల్పవృక్షం నీళ్ళు అడుగుతాది. కాపు మీద ఉండే మానుకు ఎండాకాలంలో డ్రిప్పు పెట్టినా రోజుకు నలభై, యాభై లీటర్లు పోయాల. కోనసీమలో కాలవ పక్కన ఉండే మానుకు అది లెక్కే కాదు. మన తట్టు వెయ్యి అడుగులు బోరు దింపినా నీళ్ళు పడతాయో లేదో దేవుడికే తెలుసు. నీళ్ళు తగ్గితే ముందర పిందె రాలుతాది, తర్వాత తల సన్నబడుతాది, ఆ తర్వాత మాను మొత్తం పోతాది. దీనికి తోడు కొమ్ముపురుగు, ఎర్ర ముక్కుపురుగు, 2016లో మన దేశంలో మొదట కనిపించిన సర్పిలాకార తెల్లదోమ. టెంకాయ గొప్పదే. నీళ్ళుండే రైతుకు గొప్పది.

తాడి పక్షం

తాడిమాను పక్షం మాట్లాడేవాళ్ళు పాతకాలం నుంచి ఉండారు. తాడి ఉపయోగాలు 801 అని లెక్కపెట్టి చెప్పే 'తాళ విలాసం' అనే అరవ పద్యం ఒకటి ఉండాది. తమిళనాడు తన రాష్ట్ర వృక్షంగా పెట్టుకున్నది తాడినే. కంబోడియా దేశం కూడా దీన్నే జాతీయ వృక్షం చేసుకుంది. ఇంగ్లీషు వాళ్ళ 'టాడీ' అనే మాట కూడా ఈ మాను పేరు నుంచి పోయిందే.

ముంజలు, తాటిపండు, తేగలు, తాటిబెల్లం, ఇంటికి దూలాలు, కప్పుకు ఆకు. చదువు కూడా దీని మీదనే నిలిచింది. కాగితం రాకముందు మన పుస్తకాలన్నీ తాడి, శ్రీతాళం ఆకుల మీద గంటంతో రాసినవే. తిరుపతిలో ప్రాచ్య పరిశోధన సంస్థకు పోతే అట్లాంటి తాళపత్రాలు ఇప్పటికీ దాచిపెట్టినవి ఉండాయి. ఆకు నారల వెంబడి అడ్డగీత గట్టిగా గీస్తే ఆకు చీలుతాది, అందుకే తెలుగు, కన్నడం అక్షరాలు గుండ్రంగా తిరిగినాయని లిపి చదివినోళ్ళు కొందరు చెప్తారు. అంటే మనం రాసే అ, ఆ ల రూపంలో కూడా తాడిమాను చెయ్యి ఉండాది.

ఇంత గొప్పదానికి ఉండే కష్టం కాలం. తాడి పూతకు వచ్చేదానికి పన్నెండు నుంచి ఇరవై ఏండ్లు పడుతాది. అంతదాకా పోతుతాడో పెంటితాడో తెలీదు, ఎందుకంటే దీంట్లో మగమాను వేరు, ఆడమాను వేరు. తాత నాటితే మనవడు తినాల. పైగా దీని బలమంతా కింది మైదానాల్లో. ఘాటు ఎక్కి మదనపల్లె, పుంగనూరు మెరకకు వస్తే తాటితోపులు పలచబడతాయి. ఆ చోటును నింపి వంకల వెంబడి నిలబడింది ఈత.

ఎవరూ నాటని మాను

ఈతను ఎవరు నాటినారు? ఎవరూ నాటలేదు. పక్షి తినింది, నక్క తినింది, గింజ వంకలో పడింది, మొలిచింది. ఎరువు వెయ్యలేదు, నీళ్ళు పొయ్యలేదు, కంచె కట్టలేదు. దాని ముల్లే దానికి కంచె. మడికి పనికిరాని చౌటినేల, మొరవ పక్క, చెరువుకట్ట వెనక, వంక గట్టు, ఇవే దాని చోట్లు.

దీని శాస్త్రం పేరు ఫీనిక్స్ సిల్వెస్ట్రిస్, అంటే అడవి ఖర్జూరం. 1780ల్లో సామర్లకోటలో ఉండి ఈ తీరం మొక్కల మీద పెద్ద పుస్తకాలు రాసిన విలియం రాక్స్‌బర్గ్ ఖాయం చేసిన పేరు ఇది. ఎడారి ఖర్జూరానికి ఇది సొంత చెల్లెలు మాదిరి. ఖర్జూరానికి కాళ్ళు నీళ్ళలో, తల నిప్పుల్లో ఉండాలని అరబ్బులు అంటారు. ఈత కూడా అంతే. పైన ఎంత ఎండ కాసినా తట్టుకుంటాది, కింద మాత్రం ఎక్కడో తేమ వెతుక్కుంటాది. అందుకే ఈత గుంపు కనిపిస్తే దగ్గర్లో నీటి జాడ ఉంటాదని మన పెద్దోళ్ళు అనేది. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు రాసిన బృహత్ సంహితలో భూమి కింద నీళ్ళు కనుక్కునే అధ్యాయం ఒకటి ఉండాది, దాంట్లో ఖర్జూర జాతి మాను కూడా ఒక గుర్తే.

ఇంగ దీని పని చూడండి. చెరువుకట్ట మీద ఒక లావు వేరు పోయే మాను పెరిగితే, అది చచ్చినాక వేరు కుళ్ళి కట్టలో బొక్క పడుతాది. ఈత వేర్లు లావు కావు, కుచ్చు మాదిరి దట్టంగా అల్లుకుని మట్టిని పట్టుకుంటాయి. ఆకు చీపురవుతాది, చాప అవుతాది. మట్ట ఈనెలు చీల్చి గంపలు, బుట్టలు అల్లుతారు. ఎరుకల కుటుంబాలు శానామంది ఈ పని మీదనే బతికినారు. ఎండాకాలం చివర్లో పండే ఈతపండులో కండ తక్కువ, గింజ జాస్తి, అయినా కొనకుండా దొరికే పండు అది. బాయి మీదికి వంగిన ఈత ఆకుల చివర గిజిగాడు గూడు కడతాడు, కింద నీళ్ళు, చుట్టూ ముండ్లు, పాము కూడా తొందరగా రాలేదు.

కల్లు సంగతి వేరేగా చెప్పుకోవాల. తాడికీ టెంకాయకూ పూతగెలను గీసి కల్లు తీస్తారు. ఈతకు అట్ల కాదు, తలకు దిగువన ఒక పక్క మట్టలు తీసి, కాండాన్నే పలచగా చెక్కి కుండ కడతారు. గాయం మానదని ముందర చెప్పుకున్నాం కదా. అందుకే ఈ ఏడు ఒక పక్క చెక్కితే మరుసటేడు రెండో పక్క చెక్కుతారు. ఆ గాట్లు అట్లనే నిలిచిపోయి మాను వంకరటింకర మెట్లు మాదిరి అవుతాది. ఆ మెట్లు లెక్కపెడితే ఆ మానును ఎన్నేండ్లు గీసినారో తెలిసిపోతాది. గీతగాడి బతుకు లెక్క ఆ మాను మీదనే రాసి ఉంటాది. మొవ్వుకు దెబ్బ తగలకుండా, రసం మాత్రం కారేటట్ల ఎంత లోతు చెక్కాలో ఎరిగిన చెయ్యే అసలైన చెయ్యి. రొంత లోతు పోయినా మాను చస్తాది. ఈడిగ కుటుంబాలు తరతరాలుగా దాచుకున్న చదువు అది.

అదే రసం, రెండు బతుకులు

కల్లు అనంగానే 'తాగుబోతుల మాను' అని ఈతను తీసిపారేస్తారు. తాగుడుతో ఇల్లు గుల్లయిన ఆడోళ్ళు ఆ మాట అంటే నేను తప్పు పట్టను. అయితే తెల్లారుజామున కుండ దించినప్పుడు దాంట్లో ఉండేది తియ్యటి రసమే. గాలిలో, కుండలో ఉండే ఈస్టు చేరి పొద్దెక్కేకొద్దీ పులిసి కల్లు అవుతాది. కుండకు లోపల సున్నం పూసి, చల్లటి పొద్దున్నే దించి కాస్తే అదే రసం బెల్లం అవుతాది.

బెంగాల్లో చేసేది ఇదే. చలికాలం వస్తే అక్కడి పల్లెల్లో ఈ మాన్లనే గీసి నొలెన్ గుడ్ అనే బెల్లం కాస్తారు. సందేశ్, పాయసం, ఏది చేసినా ఆ బెల్లం వేస్తే దాని లెక్కే వేరు. ఆ బెల్లంతో చేసే జొయ్‌నగర్ మోవా అనే మిఠాయికి 2015లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. మాను అదే, రసం అదే. ఆడ పండగ మిఠాయి, ఈడ ఎగతాళి మాట. మాను తప్పు కాదిది.

ఇంకో ఎగతాళి కూడా ఉండాది. మదనపల్లె, పుంగనూరు చుట్టుపక్కల ఏ కొత్త లేఅవుట్ చూసినా, ఏ కల్యాణమండపం చూసినా గేటు ముందర తెల్లటి స్తంభాల మాదిరి రాయల్ పామ్ వరస కనిపిస్తాది. అది క్యూబా, ఫ్లోరిడా తట్టు మాను, క్యూబా వాళ్ళకు జాతీయ వృక్షం. దాని గింజకు, ఆకుకు మన ఇండ్లలో పనేమీ లేదు, అందం కోసమే నాటుతారు. అందం కోసం నాటడం తప్పేం కాదు. తమాషా ఏందంటే, అదే ఫ్లోరిడాలో మన ఈతకు 'సిల్వెస్టర్ పామ్' అని పేరు పెట్టి, శానా డాలర్లు పోసి కొని, హోటళ్ళ ముందర, రోడ్ల నడుమ నాటుకుంటా ఉండారు. వాళ్ళ మాను కోసం మనం దుడ్లు పెడతాం, మన మాను కోసం వాళ్ళు దుడ్లు పెడతారు. నడుమ మన వంకలో ఊరికే వచ్చిన ఈతను జేసీబీతో పెరికి పారేస్తాం.

పోతా ఉండేది మాను ఒక్కటే కాదు

ఈత ఎందుకు పోతా ఉండాదో చూస్తే, అది నిలబడిన నేల ఎవరిదో చూడాల. ఈత ఉండేది జాస్తిగా వంక పోరంబోకులో, చెరువు నేలలో, గుట్ట కింద బంజర్లో. అంటే ఊరందరిదీ, ఎవరిదీ కాని నేల. ఆ నేల చదును చేస్తే ముందర పోయేది ఈత. వంక కుంచించుకుపోతే పోయేది ఈత. ఎవరి పట్టా కాగితంలోనూ లేదు కాబట్టి అడిగేవాడు ఉండడు, నష్టపరిహారం లెక్కలోకి రాదు. టెంకాయ మాను రోడ్డుకు పోతే రైతుకు ఇంత అని కట్టిస్తారు. వంకలోని ఈత పోతే ఎవరికి కట్టియ్యాల?

మాను పోయిన వెనకనే పని పోయింది. మదనపల్లె మార్కెట్టుకు టమోటా ఇప్పుడు ప్లాస్టిక్ క్రేట్లలో వస్తాది. ఈతచాప చోట ప్లాస్టిక్ చాప, ఈతపొరక చోట ప్లాస్టిక్ పొరక. గంప అల్లే చెయ్యి కూలికి పోయింది, మాను గీసే చెయ్యి బెంగుళూరు బస్సెక్కింది.

మాను పోతే కల్లు పోతాదనుకుంటే పొరపాటు. తాగేవాళ్ళు ఉంటారు, అమ్మేవాళ్ళు ఉంటారు, మాన్లు మాత్రం ఉండవు. ఆ ఖాళీలోకి మందుబిళ్ళల పొడి, క్లోరల్ హైడ్రేట్ కలిపిన నీళ్ళు వస్తాయి. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి తట్టు కల్తీ కల్లు తాగి మనుషులు చచ్చిపోయినారు. మాను లేని ఊర్లో కల్లు దొరుకుతా ఉండాదంటే అది యాడి నుంచి వచ్చిందని అడగాల. కండ్ల ముందర మాను ఉంటే, దాని కింద కుండ ఉంటే, ఆ ప్రశ్నకు జవాబు కూడా కండ్ల ముందరే ఉంటాది.

ఏం చెయ్యాల?

ఈతకు కూడా కష్టాలు లేకపోలేదు. ముల్లు గుచ్చుకుంటే సలుపు దిగేదానికి నాలుగు దినాలు పడుతాది. దట్టంగా పెరిగితే అడుగున పాములు చేరతాయి. బడి పక్కన, ఇండ్ల నడుమ నాటమని ఎవరూ చెప్పరు. చెప్పేది దాని చోట్లో దాన్ని ఉండనియ్యమని.

దానికి పెద్ద పథకం అక్కర్లేదు. చెరువు పూడిక తీసేటప్పుడు, కట్ట బాగు చేసేటప్పుడు ముళ్ళకంపతో కలిపి ఈతను కూడా పెరికేస్తా ఉండారు. కంప తియ్యండి, ఈతను నిలపండి. ఉపాధి పనుల్లో నాటే మొక్కల పట్టీలో ఈత, తాడి కూడా రాయండి. గింజలకు దుడ్లు పెట్టే పని లేదు, పండ్ల కాలంలో పిలకాయలు ఉమిసినవి ఏరుకుంటే చాలు. ఊర్లో ఎన్ని ఈతలు ఉండాయో పంచాయితీ ఒకసారి లెక్క రాసుకుంటే, పోయినప్పుడు పోయిందని అన్నా తెలుస్తాది. గీత ఎరిగిన పెద్దోళ్ళు ఇంగా కొందరు ఉండారు. వాళ్ళ చేత నలుగురు పిలకాయలకు చెక్కేది, సున్నం కుండ కట్టేది, బెల్లం కాసేది నేర్పిస్తే, రేపు ఆ చదువు కోసం బెంగాల్ పోయే పని తప్పుతాది. తాడి గురించి కూడా ఇదే మాట. ఇరవై ఏండ్లు పడుతాదని నాటకపోతే, ఇరవై ఏండ్ల తర్వాత కూడా ఇంకో ఇరవై ఏండ్లు పడుతాది.

ఇంతకూ తీర్పు ఏంది అంటారా? ఎత్తుకు కొలంబియా మైనం తాడిని ఒప్పుకుంటా. పూతకు శ్రీతాళాన్ని, గుడికి, కూరకు టెంకాయను, చదువుకు తాడిని ఒప్పుకుంటా. కానీ మదనపల్లె, పుంగనూరు, కుప్పం మెరకలో, బోర్లు ఎండిపోయే ఊర్లలో, నేల లేనోడికి కూడా ఆకు, పండు, పని ఇచ్చే మాను ఏదని అడిగితే నా చెయ్యి ఈత తట్టే చూపిస్తాది. మిగిలినవన్నీ మనం పెంచితే గొప్పవి. ఇది మనం చంపకుండా ఉంటే చాలు.